లాటిన్ పార్టిసిపుల్స్: అమాన్స్ ఒక దారి, అమాతుస్ ఇంకో దారి, ఎందుకండీ ఇలా?

రోమ్_బస్సు:
అందరికీ నమస్తే. ఎమ్మే హిస్టరీ చేస్తున్నా, రోమన్ చరిత్ర మీద ముందుకెళ్ళాలంటే లాటిన్ చదవడం వచ్చి తీరాలన్నారు, సరే అని సొంతంగా మొదలెట్టా. నామవాచకాలు అయ్యాయి, క్రియల నాలుగు కాంజుగేషన్లు (క్రియ తిరిగే వరసలు) ఎలాగోలా అయ్యాయనిపించా, ఇప్పుడు పార్టిసిపుల్స్ దగ్గర బండి ఆగిపోయింది. క్రియలోంచి పుట్టి విశేషణంలా తిరుగుతాయి అన్నంతవరకు ఓకే. కానీ అమో (ప్రేమించు) అనే ఒక్క క్రియకే అమాన్స్ (ప్రేమిస్తున్న), అమాతుస్ (ప్రేమించబడిన), అమాతూరుస్ (ప్రేమించబోతున్న), అమందుస్ (ప్రేమించవలసిన) అని నాలుగిచ్చారు, అందులో మూడేమో బోనుస్ - బోన - బోనుమ్ ("మంచి", మూడు లింగాల్లో) లాగా బుద్ధిగా తిరుగుతున్నాయి, మొదటిది మాత్రం నామవాచకాలు తిరిగే మూడో వరస, అంటే థర్డ్ డిక్లెన్షన్‌లో పోయి కూర్చుంది. పైగా దానికి ఆడ మగ తేడా లేదంట. పైగా "చేత, నుంచి" అనే అర్థాలిచ్చే ఆబ్లేటివ్‌లో ఒకచోట అమంతె, ఇంకోచోట అమంతీ. ఎందుకలా, ఏది ఎప్పుడు వాడాలి, ఎవరైనా తెలుగులో చెప్పి పుణ్యం కట్టుకోండి.

విభక్తి_విరక్తి:
రామః రామౌ రామాః దగ్గరే చేతులెత్తేసిన బ్యాచ్ నాది. ఊరికే ఫాలో అవుతున్నా.

పక్కింటి_పాణిని:
సంస్కృతం కాస్తయినా చదివుంటే ఇది పాత చుట్టమే. గచ్ఛన్, గచ్ఛన్తౌ, గచ్ఛన్తః గుర్తుందా, శతృ ప్రత్యయం, "వెళ్తూ ఉన్నవాడు". దాని అసలు అంగం (విభక్తి తోక తగలకముందు మాట) గచ్ఛన్త్. లాటిన్లో కూడా అదే కథ, అసలు అంగం అమంత్. నామినేటివ్‌లో (ప్రథమలో) చివర స్ చేరుతుంది, అమంత్ + స్, మధ్యలో త్ రాలిపోతుంది, న్స్ ముందున్న అచ్చు సాగి దీర్ఘమవుతుంది, అమాన్స్. సంస్కృతంలో త్ స్ రెండూ రాలిపోయి ఉత్త గచ్ఛన్ మిగిలింది, లాటిన్ వాడు స్‌ని వదల్లేదు, అంతే తేడా. ద్వితీయలో పెట్టి చూడండి, భరన్తమ్ (మోస్తున్నవాణ్ణి) కి లాటిన్ ఫెరెంతెమ్, దాదాపు ఒకే మాట.

ఇప్పుడు మీ ప్రశ్నకి జవాబు. అమంత్ హల్లుతో ముగిసే అంగం కాబట్టి థర్డ్ డిక్లెన్షన్‌లోకి వెళ్ళింది. అమాతుస్ అలా కాదు, అది మన కృతః కృతా కృతమ్ (చేయబడిన) బాపతు, క్త ప్రత్యయానికి తోబుట్టువు, అంగం అచ్చుతో ముగుస్తుంది, అందుకే పుంలింగం సెకండ్‌లో, స్త్రీలింగం ఫస్ట్‌లో, నపుంసకం మళ్ళీ సెకండ్‌లో. స్థితః కి స్తతుస్, జ్ఞాతః కి నోతుస్, ఇలా జతలు దొరుకుతూనే ఉంటాయి. ఆడ మగ తేడా సంగతంటే, సంస్కృతంలో గచ్ఛన్తీ అని స్త్రీకి వేరే రూపం ఉంది, లాటిన్ దాన్ని వాడకంలోంచి తీసేసింది.

విభక్తి_విరక్తి:
వచ్చేసింది. ప్రతి భాషకీ సంస్కృతమే తల్లి అనే వాట్సాప్ ఫార్వర్డ్ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా, మూడో పోస్టుకే వచ్చింది.

పక్కింటి_పాణిని:
తల్లి అని నేనెక్కడా అనలేదు బాబూ, తోబుట్టువు అన్నా. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చెప్పింది కూడా అదే, సంస్కృతం, గ్రీకు, లాటిన్ మూడూ ఒకే మూలంలోంచి వచ్చుండాలి, ఆ మూలం ఇప్పుడు లేకపోవచ్చు అని. మన తెలుగుకి ఆ కుటుంబంతో రక్తసంబంధం లేదు, మనది ద్రావిడం.

మోడరేటర్:
భాషా కుటుంబాల గొడవకి వేరే దారం ఉంది, దయచేసి అక్కడ. ఇక్కడ పార్టిసిపుల్స్ మాత్రమే.

డల్లాస్_నాన్న:
మా అమ్మాయి ఇక్కడ హైస్కూల్లో స్పానిష్ వద్దని లాటిన్ తీసుకుంది, దాంతో హోంవర్క్ అప్పచెప్పించుకునే డ్యూటీ నాకు పడింది. ఫ్రిజ్ మీద అతికించిన చార్ట్ చూసి టైప్ చేస్తున్నా. గీతకి ముందుది ఆడ మగ ఇద్దరికీ, తర్వాతది నపుంసకానికి. ఒకటే రాసుంటే అందరికీ అదే.

ఏకవచనం
నామినేటివ్: అమాన్స్ / అమాన్స్
జెనిటివ్ (షష్ఠి, "యొక్క"): అమంతిస్
డేటివ్ (చతుర్థి, "కి"): అమంతీ
అక్యూజేటివ్ (ద్వితీయ, "ని"): అమంతెమ్ / అమాన్స్
ఆబ్లేటివ్: అమంతె లేదా అమంతీ

బహువచనం
నామినేటివ్: అమంతేస్ / అమంతియ
జెనిటివ్: అమంతియుమ్
డేటివ్, ఆబ్లేటివ్: అమంతిబుస్
అక్యూజేటివ్: అమంతేస్ లేదా అమంతీస్ / అమంతియ

మిగతా కాంజుగేషన్లలో అంగం మారుతుంది కానీ తోకలు ఇవే. మొనేన్స్ మొనెంతిస్, రెగేన్స్ రెగెంతిస్, కపియేన్స్ కపియెంతిస్, ఔదియేన్స్ ఔదియెంతిస్. ఎదురు తిరిగేది ఒక్కటే, "వెళ్ళు" అనే ఎఓ. దానికి నామినేటివ్ ఇయేన్స్, కానీ జెనిటివ్ ఎఉంతిస్, అక్యూజేటివ్ ఎఉంతెమ్. రెదియేన్స్ (తిరిగొస్తూ) చూసి రెదియెంతిస్ అని రాస్తే తప్పు, రెదెఉంతిస్. మా అమ్మాయి టెస్టులో ప్రతిసారీ ఇదొక్కటి కచ్చితంగా అడుగుతారు.

రోమ్_బస్సు:
థాంక్యూ అండీ, చార్ట్ స్క్రీన్‌షాట్ తీసుకున్నా. చిన్న సందేహం, ఇంగ్లీషు అలవాటు కొద్దీ నేను అమాంటిస్ అని ట తో చదువుతున్నా, మీరంతా త తో రాస్తున్నారు?

పక్కింటి_పాణిని:
లాటిన్ త పళ్ళకి నాలుక ఆనించి పలికేదే, ట కాదు. ఇంకోటి, తెలుగు లిపిలో లాటిన్ రాసుకోవడం నిజంగా హాయి. నాగరిలో హ్రస్వ ఎ, హ్రస్వ ఒ లేవు, మనకి ఎ ఏ, ఒ ఓ విడివిడిగా ఉన్నాయి, లాటిన్‌కి కావాల్సింది సరిగ్గా అదే. రోమన్ లిపిలో అచ్చు నెత్తిన గీత పెడితే తప్ప దీర్ఘం తెలీదు, చాలా పుస్తకాల్లో ఆ గీత ఉండదు. కప్త అంటే నామినేటివ్, కప్తా అంటే ఆబ్లేటివ్, తెలుగులో రాస్తే చూడగానే తెలిసిపోతుంది. నేను నోట్సు మొత్తం తెలుగు లిపిలోనే రాసుకున్నా.

కోర్టుపక్షి:
లాటిన్ నేను చదువుకోలేదు గానీ ఆ -ఎ కథ మా కోర్టులో రోజూ వినపడుతుంది. ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ 1882, సెక్షన్ 52, లిస్ పెండెన్స్ అంటాం, కేసు నడుస్తుండగా ఆ ఆస్తిని ఎవరికైనా అమ్మినా కోర్టు తీర్పుకి కట్టుబడాల్సిందే అని. హిందూ మ్యారేజ్ యాక్ట్ 1955, సెక్షన్ 24లో మాత్రం మెయింటెనెన్స్ పెండెంటి లైటీ అంటాం, విడాకుల కేసు తేలేవరకు ఇచ్చే మనోవర్తి. పెండెన్స్ ఒకచోట, పెండెంటి ఒకచోట, రెండూ ఒకటేనా అని జూనియర్లు అడిగితే "అలాగే అంటారయ్యా" అని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాం. పైన చార్ట్ చూశాక అనుమానమొచ్చింది, ఇది అదేనా?

డల్లాస్_నాన్న:
అచ్చంగా అదే సార్. లీస్ అంటే వ్యాజ్యం, పెందేన్స్ అంటే వేలాడుతూ ఉన్నది, రెండూ నామినేటివ్, "నడుస్తున్న వ్యాజ్యం". రెండిటినీ ఆబ్లేటివ్‌లో పెడితే పెందెంతె లీతె, "వ్యాజ్యం నడుస్తుండగా". మీ కోర్టు ఉచ్చారణ ఇంగ్లీషు వాళ్ళది, మాట మాత్రం పక్కా లాటిన్. దీన్నే ఆబ్లేటివ్ అబ్సొల్యూట్ అంటారు. ఇందులో ఎప్పుడూ -ఎ నే వస్తుంది, పెందెంతీ లీతె అని రాదు.

రోమ్_బస్సు గారూ, మీ -ఎ / -ఈ గొడవకి రూలు ఇది. ఆ మాట నిజంగా క్రియలాగా పని చేస్తుంటే, అంటే ఎవరో ఏదో చేస్తూ ఉంటే, -ఎ. సోలె ఒరియెంతె, సూర్యుడు ఉదయిస్తుండగా. నామవాచకంలాగా నిలబడినా -ఎ నే, ఆ సపియెంతె, జ్ఞాని చేత. ఉత్త విశేషణంలాగా పక్క మాటకి గుణం చెప్తుంటే -ఈ, ఆ విరో సపియెంతీ, జ్ఞానవంతుడైన మనిషి చేత. బహువచనం జెనిటివ్‌లో -ఇయుమ్ వస్తుంది, కవులు ఛందస్సు కోసం ఒక్కోసారి ఆ ఇ తీసేసి ఉత్త -ఉమ్ పెడతారు, కంగారు పడకండి.

పక్కింటి_పాణిని:
దీనికే ఇంకో కొస ఉంది. పత్రియమ్ అమాన్స్ అంటే దేశాన్ని ప్రేమిస్తూ ఉన్నవాడు, ఇక్కడ క్రియాబలం ఉంది, కర్మ అక్యూజేటివ్‌లో ఉంది. పత్రియై అమాన్స్ అని జెనిటివ్ పెడితే దేశభక్తుడు, అది వాడి స్వభావం, ఆ క్షణంలో ఏం చేస్తున్నాడనే దాంతో పని లేదు. స్వభావంగా మారిపోయాక దానికి అమంతియొర్ (ఇంకా ఎక్కువ ప్రేమించే) అని కంపేరటివ్ కూడా వస్తుంది.

అక్యూజేటివ్ బహువచనంలో -ఈస్ చూసి పుస్తకంలో అచ్చుతప్పేమో అనుకోకండి. వర్జిల్ రాసిన ఎనీడ్ కావ్యం రెండో భాగంలో చెక్క గుర్రాన్ని చూసి ట్రాయ్ పూజారి లావొకోఓన్ అనే మాట, తిమెఓ దనఓస్ ఎత్ దోన ఫెరెంతీస్, "కానుకలు మోసుకొస్తున్నా సరే నాకు గ్రీకులంటే భయమే". ఫెరెంతీస్ అక్కడ దనఓస్‌ని అంటిపెట్టుకున్న అక్యూజేటివ్ బహువచనం. కొన్ని ప్రతుల్లో ఫెరెంతేస్ అనే ఉంటుంది.

మొక్కల_మాస్టారు:
బోటనీ లెక్చరర్‌ని, ఈ దారంలో నాకూ కాస్త చోటుంది. మీరు చెప్పే ప్రెజెంట్ పార్టిసిపుల్ మాకు మొక్కల పేర్లలో కుప్పలు తెప్పలు. రేపేన్స్ అంటే పాకుతున్నది, స్కందేన్స్ ఎగబాకుతున్నది, నతాన్స్ ఈదుతున్నది, ప్రోకుంబేన్స్ నేల మీద పడుకుని ఉన్నది. మన పొలం గట్ల మీదుండే గడ్డి చామంతి ట్రైడాక్స్ ప్రొకంబెన్స్ కదా, అదే మాట.

ప్రజాతి పేరు (మొదటి పేరు) లింగాన్ని బట్టి రెండో పేరు మారాలని మా నామకరణ కోడ్‌లో రూలుంది, ఆర్టికల్ 23.5. కానీ ఈ -ఎన్స్ మాటలు మారవు. రనన్‌క్యులస్ రెపెన్స్ పుంలింగం, లుడ్విజియా రెపెన్స్ స్త్రీలింగం, ట్రైఫోలియం రెపెన్స్ నపుంసకం, మూడిట్లోనూ రెపెన్స్ రెపెన్సే. -ఆతుస్ తో అయ్యేవి మాత్రం మారిపోతాయి. నేలవేము ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా, జ్యోతిష్మతి సెలాస్ట్రస్ పానిక్యులేటస్, ఆస్ట్రేలియాలో ఓ నేరేడు రకం సిజీజియం పానిక్యులేటం. ఈ పానిక్యులేటస్ అనేది క్రియలోంచి పుట్టింది కాదు, పూగుత్తి పేరులోంచి తయారుచేసిన మాట, కానీ తోక అదే, తిరగడం అదే. పిల్లలు దీన్ని బట్టీ కొడతారు, కారణం ఒక్క పిరియడ్‌లో చెప్పొచ్చు, సిలబస్‌లో ఆ ఒక్క పిరియడ్ పెట్టరు. 2012 నుంచి కొత్త మొక్క వర్ణన లాటిన్‌లో గానీ ఇంగ్లీషులో గానీ రాసుకోవచ్చన్నారు, అప్పట్నుంచి లాటిన్ మీద అందరికీ ఇంకా బద్ధకం పెరిగింది. పేర్లకి మాత్రం లింగం గొడవ తప్పలేదు.

విభక్తి_విరక్తి:
మాస్టారూ మీ క్లాసులో కూర్చునుంటే నేను బోటనీ తప్పేవాణ్ణి కాదు.

కొయిర్_తాతయ్య:
నాకు డెబ్బై దాటాయి, చిన్నప్పుడు చర్చి కొయిర్‌లో లాటిన్ పూజ పాటలు పాడినవాణ్ణి, వాటికన్ రెండో మహాసభ తర్వాత పూజ తెలుగులోకి వచ్చింది, తర్వాత సెమినరీలో కొన్నాళ్ళు లాటిన్ వ్యాకరణం చెప్పించుకున్నా. ఈ పిల్లలు అడిగే నాలుగు రకాల్లో చాలావరకు క్రేదో అనే విశ్వాస ప్రకటన ఒక్కదాంట్లోనే దొరుకుతాయి. గెనితుమ్ నోన్ ఫక్తుమ్, పుట్టినవాడే గాని చేయబడినవాడు కాదు, ఇవి పర్ఫెక్ట్ పాసివ్‌లు, పైన ఉన్న ఫీలియుమ్ (కుమారుణ్ణి) అనే అక్యూజేటివ్ మాటకి కట్టుబడి -ఉమ్ అయ్యాయి. తర్వాత ఎత్ ఇతెరుమ్ వెంతూరుస్ ఎస్త్, మళ్ళీ రాబోతున్నాడు, ఇది ఫ్యూచర్ యాక్టివ్. చివర్లో వీతమ్ వెంతూరీ సేకులీ, రాబోయే యుగపు జీవితాన్ని, ఇక్కడ అదే వెంతూరుస్ జెనిటివ్‌లో వెంతూరీ అయింది. సైకులీ అని రాయాలంటారు పుస్తకాల వాళ్ళు, చర్చి ఉచ్చారణ మాకు అలవాటు, అలాగే రాస్తా.

అసలు చోద్యం మధ్యలో ఉంది. క్రుచిఫిక్సుస్ అని మొదలయ్యి తర్వాత పస్సుస్ ఎత్ సెపుల్తుస్ ఎస్త్ అని వస్తుంది. చెవికి మూడూ ఒకే రకం. కానీ క్రుచిఫిక్సుస్ అంటే సిలువ వేయబడినవాడు, సెపుల్తుస్ అంటే సమాధి చేయబడినవాడు, రెండూ పాసివ్. మధ్యలో పస్సుస్ మాత్రం బాధననుభవించినవాడు, యాక్టివ్. ఎందుకంటే పతియొర్ (బాధననుభవించు) డెపోనెంట్ క్రియ, వేషం పాసివ్‌ది, అర్థం యాక్టివ్‌ది. మా గురువుగారు ఈ ఒక్క వాక్యం పట్టుకుని ఒక పూటంతా చెప్పేవారు.

రోమ్_బస్సు:
తాతయ్యగారూ సూపర్. డెపోనెంట్ అనే మాట చూసి ఆ చాప్టర్ దాటేశా, ఇప్పుడు వెనక్కెళ్ళాలి. సరే ఇంకోటి అడుగుతా. "సీజర్ నగరాన్ని పట్టుకుని వెళ్ళిపోయాడు" అని రాయమన్నారు. పట్టుకుని అంటే పర్ఫెక్ట్ పార్టిసిపులే కదా అని కైసర్ ఉర్బెమ్ కప్తుస్ దిస్కెస్సిత్ అని పెట్టా. కరెక్టేనా?

పక్కింటి_పాణిని:
మీరు పాపం సీజర్నే పట్టించేశారు! కైసర్ కప్తుస్ అంటే పట్టుబడ్డ సీజర్. ఉర్బెమ్ మధ్యలో అనాథలా మిగిలింది.

మనలాంటివాళ్ళు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చెప్తా. తెలుగులో క్త్వార్థకం మన ఊపిరి. వండి, తిని, లేచి, పట్టుకుని, వరుసపెట్టి అల్లేస్తాం, అన్నిటికీ కర్త ఒకడే. సంస్కృతంలోనూ గత్వా, కృత్వా ఉన్నాయి. లాటిన్‌కి అలాంటిది లేదు, పర్ఫెక్ట్ యాక్టివ్ పార్టిసిపుల్ అనేదే లేదు. "పట్టుకున్నవాడై" అని చెప్పడానికి రూపం లేదు, "పట్టుబడినది" అని చెప్పడానికే ఉంది. కాబట్టి లాటిన్ వాడు బరువంతా నగరం మీద పెడతాడు: కైసర్ ఉర్బె కప్తా దిస్కెస్సిత్, నగరం పట్టుబడగా సీజర్ వెళ్ళిపోయాడు. ఉర్బె, కప్తా రెండూ ఆబ్లేటివ్, వాక్యంలో ఇంకెవరితోనూ సంబంధం లేకుండా విడిగా నిలబడ్డాయి. ఇది మన సతి సప్తమి. రామే వనం గతే, రాముడు అడవికి వెళ్ళగా. పాణిని యస్య చ భావేన భావలక్షణమ్ అని ఒక్క సూత్రంలో తేల్చేశాడు, సంస్కృతం సప్తమి వాడింది, లాటిన్ ఆబ్లేటివ్ వాడింది.

డెపోనెంట్ అయితే మాత్రం మన తెలుగు వరసే నడుస్తుంది. కైసర్ మీలితేస్ హొర్తాతుస్ దిస్కెస్సిత్, సీజర్ సైనికుల్ని ఉత్సాహపరిచి వెళ్ళాడు. హొర్తొర్ డెపోనెంట్ కాబట్టి హొర్తాతుస్ యాక్టివ్, మీలితేస్ దానికి కర్మ. తాతయ్యగారి పస్సుస్ లాంటిదే. సెకూతుస్ (వెంబడించి), లొకూతుస్ (మాట్లాడి), ప్రొఫెక్తుస్ (బయల్దేరి), ఈ నాలుగైదు గుర్తుపెట్టుకుంటే సీజర్ పుస్తకం సగం నడుస్తుంది.

డల్లాస్_నాన్న:
ఒక జాగ్రత్త. ఆ నామవాచకం అసలు వాక్యంలో ఇంకో పని చేస్తుంటే అబ్సొల్యూట్ పెట్టకూడదు. "పట్టుబడిన నగరాన్ని తగలబెట్టాడు" అంటే ఉర్బెమ్ కప్తమ్ అని నేరుగా అక్యూజేటివ్‌లోనే పెట్టాలి. మా అమ్మాయి టీచర్ ప్రతిచోటా ఆబ్లేటివ్ అబ్సొల్యూట్ కుక్కితే ఎర్ర ఇంకు పూసేస్తుంది.

విభక్తి_విరక్తి:
నాకు తెలిసిన లాటిన్ ఒక్కటే, గ్లాడియేటర్లు చచ్చేముందు అనేది, మొరితూరీ తే సలూతంత్. ఇది ఏ బాపతు?

రోమ్_బస్సు:
ఇది నా సబ్జెక్టు కాబట్టి నేనే చెప్తా :) మొరితూరీ ఫ్యూచర్ యాక్టివ్, పుంలింగం, నామినేటివ్ బహువచనం, "చావబోతున్న వాళ్ళు", మొత్తం కలిపితే "చావబోతున్న వాళ్ళు నీకు నమస్కరిస్తున్నారు". కానీ గ్లాడియేటర్లు రోజూ అలా అనేవాళ్ళనడానికి ఆధారం లేదు. రోమన్ రచయిత స్వెటోనియస్ చెప్పేది క్లాడియస్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 52లో ఫూకినుస్ చెరువు మీద పెట్టిన ఉత్తుత్తి నావికా యుద్ధం గురించి. అందులో దిగినవాళ్ళు హవే ఇంపెరాతొర్, మొరితూరీ తే సలూతంత్ అన్నారట, క్లాడియస్ ఔత్ నోన్, "చావకపోనూ వచ్చు" అన్నాడట, అంతే, మమ్మల్ని క్షమించేశాడు అని వాళ్ళు పోరాడనే పోరాడమని మొండికేశారట. నోరు జారితే ఎంత పని అవుతుందో చూడండి. మొర్తువుస్ (చనిపోయిన) నుంచి మొర్తూరుస్ రావాలి కదా, మొరితూరుస్ ఎందుకొచ్చిందో నాకర్థం కాలేదు.

పక్కింటి_పాణిని:
మామూలుగా ఫ్యూచర్ యాక్టివ్ నాలుగో ప్రిన్సిపల్ పార్ట్ (నిఘంటువులో క్రియకి ఇచ్చే నాలుగు మూల రూపాల్లో చివరిది) మీదే కడతారు, అమాతుమ్ నుంచి అమాతూరుస్, మిస్సుమ్ నుంచి మిస్సూరుస్. మొరియొర్ ఆ రూలు తప్పించుకున్న వాటిలో ఒకటి. దాన్ని విడిగా నేర్చుకోవడమే.

కోర్టుపక్షి:
మరి అమందుస్ సంగతెవరూ ఎత్తలేదు. మా దగ్గర లోకస్ స్టాండై అంటాం, పోలీసోళ్ళు మోడస్ ఆపరాండై, ఎం.ఓ. అంటారు, అగ్రిమెంట్లలో మ్యుటాటిస్ మ్యుటాండిస్ రాస్తాం. ఇవన్నీ ఆ అమందుస్ చుట్టాలేనా?

డల్లాస్_నాన్న:
మొదటి రెండూ కాదు, మూడోది అవును. చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి అందరూ కలిపేస్తారు. గెరండ్ అనేది నామవాచకం, "చెయ్యడం". నపుంసకం, ఏకవచనం, నామినేటివ్ ఉండదు, నాలుగే రూపాలు, అమందీ, అమందో, అమందుమ్, అమందో. లొకుస్ స్తందీ అంటే నిలబడడానికి చోటు, మొదుస్ ఒపెరందీ అంటే పని చేసే పద్ధతి, రెండూ గెరండ్ జెనిటివ్‌లు. గెరండివ్ అనేది విశేషణం, "చెయ్యవలసిన", మూడు లింగాలు, అన్ని విభక్తులు, అమందుస్ అమంద అమందుమ్. మూతాతీస్ మూతందీస్ అంటే "మార్చవలసినవి మార్చబడగా", మళ్ళీ ఆబ్లేటివ్ అబ్సొల్యూటే, ఒకటి పర్ఫెక్ట్, ఒకటి గెరండివ్, రెండూ బహువచనం. రెండే మాటల్లో ఇంత పెట్టారంటే లాయర్లు ఎందుకు వదల్లేదో తెలుస్తోంది.

కొయిర్_తాతయ్య:
ప్రాపగాండా అనే మాట కూడా గెరండివే. 1622లో పోపు 15వ గ్రెగరీ పెట్టిన కాంగ్రెగేషన్ (చర్చి పరిపాలన విభాగం) పేరు దే ప్రోపాగందా ఫిదే, "విశ్వాసాన్ని వ్యాప్తి చెయ్యడం గురించి". ఫిదే స్త్రీలింగం, దే తర్వాత ఆబ్లేటివ్, కాబట్టి ప్రోపాగందా. మన దేశంలో మిషన్లు కూడా చాలా కాలం దాని కిందే నడిచాయి. ఇప్పుడా మాటని ఎన్నికల ప్రచారానికి తిట్టుగా వాడుతున్నారు, ఏం చేస్తాం.

పక్కింటి_పాణిని:
గెరండివ్ పక్కన కర్త ఏ విభక్తిలో ఉంటుందో కూడా రాసిపెట్టుకోండి. హొక్ మిహి ఫకియెందుమ్ ఎస్త్, ఇది నేను చెయ్యాల్సింది. మిహి డేటివ్, "నాకు". సంస్కృతంలో మయా కర్తవ్యమ్ అని తృతీయ గానీ మమ కర్తవ్యమ్ అని షష్ఠి గానీ వస్తుంది. అందరికీ తెలిసిన ఉదాహరణ కర్థాగో దేలెంద ఎస్త్, కార్థేజ్‌ని నాశనం చెయ్యాల్సిందే. ఊరి పేరు స్త్రీలింగం కాబట్టి దేలెంద. రోమన్ సెనేటర్ కేటో ప్రతి ప్రసంగం చివరా ఈ అర్థం వచ్చేలా అనేవాడని చెప్తారు, అచ్చంగా ఈ మూడు మాటల వాక్యం మాత్రం ప్రాచీన గ్రంథాల్లో లేదు. ఆయన క్రీ.పూ. 149లో పోయాడు, ఊరు 146లో పోయింది.

రోమ్_బస్సు:
కేటో దాకా వచ్చాం కాబట్టి రోమన్ చరిత్రకారుడు లివీ మీద ఒక ప్రశ్న. ఆయన పుస్తకం పేరు అబ్ ఉర్బె కొందితా. నేర్చుకున్న రూలు పెడితే "కట్టబడిన నగరం నుంచి" అని వస్తోంది, అర్థం మాత్రం "నగరం కట్టినప్పటి నుంచి" అంటున్నారు. ఎలా?

పక్కింటి_పాణిని:
మంచి చోట పట్టుకున్నారు. లాటిన్‌లో ఒక్కోసారి వ్యాకరణం ప్రకారం విశేషణంగా ఉన్న పార్టిసిపులే అర్థంలో పెద్దరికం చేస్తుంది. ఇక్కడ ముఖ్యం నగరం కాదు, కట్టడం అనే ఘటన. రోమన్ లెక్కలో అది క్రీ.పూ. 753, చరిత్ర రాసేవాళ్ళు కొందరు అక్కడి నుంచి ఏళ్ళు లెక్కపెట్టేవాళ్ళు. మన తెలుగు చదువరికి నేనిచ్చే చిట్కా, పార్టిసిపుల్ కనపడగానే "-ఇన", "-ఏ" అని అంటించెయ్యొద్దు, ముందు "-గా", "-ఇనప్పుడు", "-ఇ" పెట్టి చూడండి, నాలుగింట మూడుసార్లు అదే సరిపోతుంది. తెలుగులో వచ్చిన మనిషి, వచ్చిన మనిషికి, వచ్చిన మనుషులతో, "వచ్చిన" కదలదు, విభక్తి భారమంతా మనిషే మోస్తాడు. లాటిన్‌లో ఇద్దరూ మోస్తారు. అందుకే అక్కడ రెండు మాటలూ ఎంత దూరంగా ఉన్నా ఎవరికెవరో పట్టుకోవచ్చు, పద్యాల్లో అయితే దూరంగానే ఉంటాయి.

రోమ్_బస్సు:
చిట్కా బోర్డు మీద రాసుకున్నా. మరి కికెరోనె కోన్సులె అని చదివా, "సిసిరో కాన్సల్‌గా (రోమ్ అత్యున్నత పదవిలో) ఉండగా". రెండు ఆబ్లేటివ్‌లు ఉన్నాయి, పార్టిసిపుల్ ఏదీ?

డల్లాస్_నాన్న:
లేదు. "ఉండు" అనే సుమ్ క్రియకి క్లాసికల్ లాటిన్‌లో ప్రెజెంట్ పార్టిసిపుల్ లేదు, ఫుతూరుస్ (ఉండబోయే) ఒక్కటే ఉంది. అందుకే రెండు నామవాచకాలు పక్కపక్కన పెట్టి ఊరుకుంటారు.

పక్కింటి_పాణిని:
పూర్తిగా మాయమవలేదు లెండి, సమాసాల్లో దాక్కుంది. సంస్కృతంలో అస్ ధాతువుకి సన్, సన్తమ్ ఉంది కదా, గతే సతి అనేదాంట్లో సతి దాని సప్తమే. లాటిన్‌లో అబ్సేన్స్ అబ్సెంతిస్, ప్రైసేన్స్ ప్రైసెంతిస్ అనే మాటల్లో ఉన్న సెంత్ అదే. స్కూల్ హాజరుపట్టీలో ఆబ్సెంట్, ప్రెజెంట్ అని రోజూ వేసేది అదేనన్నమాట.

రోమ్_బస్సు:
ఈ రాత్రికి సీజర్ మొదటి వాక్యం మొదలెడుతున్నా, గల్లియ ఎస్త్ ఒమ్నిస్ దీవీస ఇన్ పర్తేస్ త్రేస్, "గాల్ దేశం మొత్తం మూడు భాగాలుగా విభజించబడి ఉంది". దీవీస పర్ఫెక్ట్ పాసివ్, గల్లియ స్త్రీలింగం కాబట్టి -అ, అంతవరకు నేనే పట్టుకున్నా. దీవిదో నుంచి దీవిత రాకుండా దీవీస ఎందుకొచ్చింది?

పక్కింటి_పాణిని:
ధాతువు చివర ద్ గానీ త్ గానీ ఉండి దానికి -తుస్ తగిలితే రెండూ కలిసి స్స్ అవుతాయి, ముందు దీర్ఘాచ్చు ఉంటే ఒక స్ తగ్గుతుంది. మిత్తో - మిస్సుస్, విదెఓ - వీసుస్, క్లౌదో - క్లౌసుస్, దీవిదో - దీవీసుస్. ముందుకెళ్ళే కొద్దీ ఇలాంటివి ఇంకా తగులుతాయి, నాలుగో ప్రిన్సిపల్ పార్ట్ నిఘంటువులో చూసుకుంటూ వెళ్ళండి.